ముందు మీటరు, తర్వాతే స్పానరు: ఆటోనగర్ బోటు ఇంజన్ల షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే ఈ షెడ్డుకి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ ఫోను ఎత్తనందుకు, మూడు రోజులన్న పనిని తొమ్మిది రోజులు చేసినందుకు. వైరింగు విషయంలో కూడా చిన్న పేచీ ఉంది, అది తర్వాత చెప్తాను.

మాది పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. షికారు కోసం కాదు. ఉండవల్లి వైపు రేవు నుంచి వెంకటపాలెం దాటాక లంకలో మా అరటి తోట ఉంది, కూలీల్ని, ఎరువు బస్తాల్ని అటు తీసుకెళ్లడం, గెలలు ఇటు తెచ్చుకోవడం దాని పని. ఆదివారం తీరిక దొరికితే నేనూ మా బావా గాలాలు పట్టుకుని వెళ్తాం, చేపలు పడేది తక్కువ, పకోడీలు అయిపోయేది ఎక్కువ.

మొన్న వేసవి నుంచి ఇంజన్ మాతో ఆడుకోవడం మొదలుపెట్టింది. రేవు వదిలాక పావుగంట బ్రహ్మాండంగా లాగుతుంది, సరిగ్గా భవానీ ద్వీపం పక్కకి వచ్చేసరికి రెండు సార్లు దగ్గి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు ఊరుకుని మళ్లీ కొడితే స్టార్ట్ అవుతుంది, ఇంకో పావుగంటకి మళ్లీ అదే కథ. కొన్నిసార్లు బజర్ మోగి స్పీడు దానంతటదే పడిపోతుంది, గేరు లీవరు ఎంత తోసినా పెరగదు. పొద్దున పూట కీ తిప్పితే ఈసురోమని తిరుగుతుంది, తిప్పిన ప్రతిసారీ ఫిష్ ఫైండర్ (నీళ్ల కింద చేపలెక్కడున్నాయో చూపించే పరికరం) తెర ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. మామూలు రోజుల్లో ఆగితే తెడ్డు వేసుకునైనా ఒడ్డు చేరొచ్చు గానీ, ఎగువ నుంచి నీళ్లొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు నది మధ్యలో ఇంజన్ ఆగితే కిందకి కొట్టుకుపోయేది ఆ 70 గేట్ల మీదికే. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కట్టు తెగిన పెద్ద బోట్లు వెళ్లి గేట్లని ఎలా గుద్దాయో మేమందరం చూసినవాళ్లమే. అందుకే ఈ ఇంజన్ ఆగడం అనే మాట వింటేనే మా అక్కకి టెన్షన్, బావని ఎక్కనివ్వడమే మానేసింది.

ముందు వేరే ఒకాయనకి చూపించాం, ఆయన ఎవరో ఏ ఊరో వద్దులెండి. వచ్చీ రాగానే ప్లగ్గులు మార్చాడు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చాడు, నాలుగు రోజుల తర్వాత బ్యాటరీ పోయిందని కొత్తది వేయించాడు. ఏదీ తగ్గలేదు. చివరికి తల ఊపి "ఈసీయూ పోయినట్టుందండీ, నలభై ఎనిమిది వేలు అవుతుంది, అది కూడా తిరిగి ఇచ్చేది ఉండదు" అన్నాడు. ఈసీయూ అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటరు. అప్పటికే అటూ ఇటూ కలిపి పదకొండు వేలు వదిలాయి. అప్పుడు మా సరంగు (బోటు నడిపేది ఇతనే, వాళ్ల తాత పంటు నడిపేవాడు, ఇతనికి ఇంజన్ శబ్దం వింటేనే సగం తెలిసిపోతుంది) ఆటోనగర్‌లో ఈ షెడ్డు సంగతి చెప్పాడు.

బయట నుంచి చూస్తే బోటు ఇంజన్లు బాగుచేసే చోటని ఎవరూ అనుకోరు. లారీ బాడీలు కట్టే లైను వెనక, ముందు భాగం అంతా జనరేటర్లు, నీళ్ల మోటార్లు, లోపల ఒక మూల మాత్రం ఇనప స్టాండ్లకి నాలుగైదు ఔట్‌బోర్డులు వేలాడుతూ, పక్కన సగం కోసిన నీళ్ల డ్రమ్ము. మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. ఇంజన్ ఒక్కటే ఆటోలో వేసుకెళ్లాం. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "ట్యాంకేదండీ? గొట్టమేది? బ్యాటరీ, దాని కేబుళ్లు ఏవి? రోగి కాలు ఒక్కటే తెచ్చి చూడమంటే నేనేం చూడను?" అన్నాడు. మాకు కాస్త చిరాకేసింది, మళ్లీ వారధి దాటి వెళ్లి అన్నీ మోసుకొచ్చేసరికి సగం రోజు పోయింది. కానీ తర్వాత తేలిందేంటంటే మా రోగాల్లో రెండు అసలు ఇంజన్‌లోనే లేవు.

మొదట అడిగిన ప్రశ్న, "ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తిప్పి నడుపుతున్నారా, బిగించి నడుపుతున్నారా?" ఆ స్క్రూ బిగించి ఉంటే పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులోకి గాలి రాక కాసేపటికి ఇంజన్ ఆగిపోతుందట, సగం మంది ఇదే తప్పు చేసి వచ్చి ఇంజన్ విప్పమంటారట. మేం తిప్పే నడుపుతున్నాం, మా సరంగు ఆ మాటకి కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

తర్వాత మీటరు తీశాడు. ఇక్కడే నాకు ఈయన మీద గురి కుదిరింది. కీ తిప్పకుండా బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. కుర్రాణ్ణి కీ తిప్పమని, స్టార్టరు తిరుగుతుండగా బ్యాటరీ గుబ్బల మీదే చూస్తే 10.4. "బ్యాటరీ బానే ఉంది, అనవసరంగా మార్పించారు" అన్నాడు. మీటరు ముళ్లు తీసుకెళ్లి స్టార్టరు దగ్గర పెట్టి మళ్లీ తిప్పమంటే 8.9. మధ్యలో ఒకటిన్నర వోల్టు ఎటు పోయింది? ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ గుబ్బ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టాడు. అవి రెండూ ఒకే కేబుల్‌కి రెండు చివర్లు, తేడా సున్నాకి దగ్గరగా ఉండాలి, అర వోల్టు కూడా ఉండకూడదు. మాకు 1.2 చూపించింది. కేబుల్ పైకి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆయన బ్లేడు తీసుకుని లగ్గు (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) దగ్గర తొడుగుని రెండంగుళాలు చీరాడు, లోపల రాగి తీగలన్నీ పచ్చగా పొడి పొడి, సగం చిటికెన వేలితో రాలిపోయాయి. ఈసీయూ పోయిందన్నాయనకి ఇది కనపడలేదు, ఎందుకంటే చూడలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ కదా, కరెంటు అంత కిందకి పడితే దానికి తిక్క పుడుతుంది, ఫిష్ ఫైండర్ ఆరిపోయేదీ అందుకే.

కేబుల్ మార్చాక పొద్దున స్టార్టింగ్ సమస్య పోయింది గానీ పావుగంట రోగం అలాగే ఉంది. డ్రమ్ములో ఇంజన్ దించి, మా ట్యాంకు, మా గొట్టమే తగిలించి, ఇరవై నిమిషాలు నడిపించారు. దగ్గడం మొదలవగానే మేస్త్రి గొట్టం మధ్యలో ఉండే రబ్బరు ఉండని (పెట్రోలు ఎక్కించడానికి చేత్తో నొక్కుతామే, అది) చూపించాడు. చప్పిడి బుగ్గల్లా లోపలికి పీక్కుపోయి ఉంది. ఇది నాకు కొత్త విషయం, రాసిపెట్టుకోండి: ఇంజన్ ఆగినప్పుడు ఆ ఉండ చప్పగా నొక్కుకుపోయి ఉంటే అడ్డం ట్యాంకు వైపు ఉన్నట్టు. ఉబ్బి మెత్తగా ఉండి ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతున్నట్టు, లేదా దాని లోపలి వాల్వు పోయినట్టు. గట్టిగా ఉండి కూడా ఇంజన్ ఆగితే అప్పుడు ఇంజన్ వైపు వెతకాలి. పైసా ఖర్చు లేని పరీక్ష, పదకొండు వేలు పెట్టిన మాకు ఎవరూ చెప్పలేదు.

ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పెట్రోలు వంచి ఎండలో పెట్టాడు. పది నిమిషాలకి రెండు పొరలు, పైన పసుపు, అడుగున రెండు వేళ్ల మందాన తెల్లగా మబ్బుగా ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్‌కి నీళ్లంటే మహా ఇష్టం, కలుపుకున్నంత కలుపుకుంటుంది, నీళ్లు మరీ ఎక్కువైతే ఆ నీళ్లతో సహా విడిపోయి అడుక్కి దిగుతుంది. ఇంజన్ గొట్టం పీల్చేది అడుగు నుంచే. మా ట్యాంకు మూత వాషరు చీలిపోయి ఉంది, వాన నీళ్లు మూత మీద నిలిచి లోపలికి దిగాయి. పైగా పాత గొట్టం లోపలి పొర ఇథనాల్‌కి ఉబ్బి పొలుసులుగా ఊడి, ట్యాంకులోని జల్లెడకి నల్లటి జిగురులా అంటుకుపోయింది. గొట్టం, ఉండ, వాషరు కొత్తవి, నీళ్లు వేరు చేసే ఫిల్టరు ఒకటి అదనంగా. ఆ ఫిల్టరు అడుగున పారదర్శకంగా ఉండే గిన్నె ఉంటుంది, నీళ్లు చేరితే కంటికి కనపడతాయి. రెండు వారాలకి మించి బోటు తియ్యమనుకుంటే ట్యాంకులో పెట్రోలు బైకులో పోసేసుకోమన్నాడు, ఇప్పుడు అదే చేస్తున్నాం.

ఇక బజర్. ఇంజన్ నడుస్తుంటే పక్కనుంచి సన్నటి నీటి ధార వస్తుంది కదా, మాది ఎప్పటినుంచో చిన్నపిల్లాడు పోసినట్టు ఉండేది, బానే వస్తోందిగా అనుకునేవాళ్లం. ఇంజన్ కింది భాగం (కాలు అంటారు) విప్పి నీళ్ల పంపు తీస్తే రబ్బరు ఇంపెల్లర్‌కి ఆరు రెక్కల్లో రెండు సగానికి లేవు. ఇది ఎందుకు అరిగిందో నాకు అప్పుడే వెలిగింది. బుడమేరు ముంచినప్పుడు మా బోటు లారీ మీద తెచ్చి సింగ్ నగర్‌లో దించాం, మూడు రోజులు వీధుల్లో పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు పంచుతూ తిరిగింది. నీళ్ల కింద మునిగిన బైకులు ఫ్యానుకి (బోటుని తోసే ప్రొపెల్లర్‌కి) తగిలేవి, బురద, పాలిథీన్ సంచులు నీళ్ల జాలీకి అడ్డం పడి ఇంజన్ ఎన్నోసార్లు నీళ్లు అందకుండానే తిరిగింది. ఆ పంపుకి నీళ్లే ఆయిలు, పొడిగా తిరిగితే రబ్బరు కాలిపోవడానికి నిమిషం కూడా పట్టదు. తర్వాత ఎవరం విప్పి చూసుకోలేదు. దానికి బాధ లేదు, ఆ పని మళ్లీ వచ్చినా మళ్లీ వెళ్తాం, కానీ ఇంటికొచ్చాక ఒక ఇంపెల్లర్ మార్చి ఉంటే సరిపోయేది.

ఇంకొకరైతే కొత్త ఇంపెల్లర్ వేసి బిగించేసేవారు. ఈయన కాగితం మీద పాతదాన్ని పెట్టి "రెండు ముక్కలు పోయాయి, అవి దొరికేదాకా ఇంజన్ మూయను" అని కూర్చున్నాడు. ఊడిన రెక్కలు మాయమైపోవుగా, నీళ్లతో పాటు పైకి పోయి ఎక్కడో సందులో ఇరుక్కుంటాయి. ఒకటి పంపు పైన గొట్టంలోనే దొరికింది. రెండోదాని కోసం సాయంత్రం దాకా వెతికితే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కితే నీళ్లకి దారి తెరిచే వాల్వు) గూట్లో, సగం తెరుచుకున్న నోట్లో ఇరుక్కుని ఉంది, వేలి గోరంత ముక్క. ఆ థర్మోస్టాట్‌ని పక్క టీ బడ్డీ నుంచి తెచ్చిన గిన్నెలో నీళ్లు కాస్తూ దారంతో వేలాడదీసి చూశారు, 60 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సింది మరిగేదాకా కదల్లేదు. మార్చారు. కారు థర్మోస్టాట్ ఏదో ఒకటి అమర్చుకోవచ్చా అని బావ అడిగితే మేస్త్రి నవ్వాడు, కార్లవి ఎనభై పైన తెరుచుకుంటాయి, అది పెడితే ఇంజన్‌ని మనమే ఉడకబెట్టినట్టు.

గేర్ ఆయిల్ సంగతి త్వరగా చెప్పేస్తాను. కింది స్క్రూ తియ్యగానే పాలు కలిపిన టీ రంగులో కారింది, అంటే లోపలికి నీళ్లు పోతున్నాయి. ఫ్యాను తీసి చూస్తే షాఫ్టుకి మా గాలం నైలాన్ తాడే గుత్తంగా చుట్టుకుని సీలుని కోసేసింది. బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కొత్త ఆయిల్ పై చిల్లు నుంచి పోసేస్తే లోపల గాలి ఉండిపోతుందని, కింది చిల్లు నుంచి పంపుతో ఎక్కించి పై చిల్లు నుంచి బయటికి వచ్చేదాకా ఆగకూడదని కుర్రాడు చేస్తూ చూపించాడు. రెండు స్క్రూలకీ వాషర్లు కొత్తవే వెయ్యాలి.

తుప్పు ఆపడానికి ఇంజన్ కాలికి ఒక లోహపు ముక్క బిగిస్తారు, ఆనోడ్ అంటారు, ఇంజన్ బదులు అది తినబడుతుంది. మాదానికి సెకండ్ హ్యాండ్ అమ్మినవాళ్లు అందంగా ఉంటుందని దాని మీద కూడా నల్ల రంగు కొట్టేశారు, రంగు కొడితే అది ఉన్నా లేనట్టే. పైగా అది జింకు, ఉప్పు నీళ్లకి బావుంటుంది, కృష్ణ మంచినీళ్లలో జింకు మీద పెంకు కట్టి పనిచెయ్యదు, అల్యూమినియందో మెగ్నీషియందో కావాలట. నిజాంపట్నం వైపు సముద్రంలో తిప్పే వాళ్లకి మెగ్నీషియం వెయ్యకూడదట, ఉప్పు నీళ్లలో అది ఇట్టే కరిగిపోతుంది. మాకు అల్యూమినియం వేశారు.

ఇప్పుడు పేచీ. బోటు అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న పంపుకి, ఫిష్ ఫైండర్‌కి కొత్త వైర్లు లాగమన్నాం. కేబుల్ దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న షెడ్డు ఈ పనిని ఒక పిల్లాడికి అప్పజెప్పింది, అతను ఇళ్లకి వాడే వైరు తెచ్చి మెలేసి టేపు చుట్టేశాడు. బోటులో టేపు కింద చెమ్మ చేరి మూణ్ణెల్లకి అదే పచ్చపొడి తయారవుతుంది, పొద్దునే కదా చీరి చూపించారు! తగరం పూత పూసిన తీగ, లోపల జిగురుండి వేడి తగిలితే ముడుచుకునే ష్రింక్ గొట్టం వాడాలని నేనే గొడవపడాల్సి వచ్చింది. అది కాక ఫిష్ ఫైండర్‌ని తీసుకెళ్లి ఇంజన్ కీ స్విచ్చి లైనుకే కలిపారు, దానికి బ్యాటరీ నుంచి నేరుగా విడి లైను, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. మేస్త్రికి చెప్తే "మీరన్నది నిజమేనండీ, మా దగ్గర ఆ వైరు లేదు" అన్నాడు. ఒప్పుకున్నందుకు సంతోషమే, కానీ ఆ పని చివరికి నేనూ సరంగూ ఇంట్లో కూర్చుని చేసుకున్నాం. కరెంటు తప్పు ఎక్కడుందో కనిపెట్టడంలో వీళ్లకి వంక పెట్టలేం, కొత్త వైరింగు మాత్రం వేరేచోట చేయించుకోండి.

ఫోను సంగతి ఏం చెప్పను. పదిసార్లు చేస్తే ఒకసారి ఎత్తుతారు, ఎత్తాక "రేపు రండి" అంటారు. సీలు, థర్మోస్టాట్ చెన్నై నుంచి రావాలని ముందే చెప్పి ఉంటే మేం లంకకి నాటు పడవ మాట్లాడుకునేవాళ్లం, రోజూ రేపు రేపు అని తిప్పడం వల్ల ఒక కోత గెలలు పండిపోయి తక్కువకి తోలాల్సి వచ్చింది. బిల్లు తెల్ల కాగితం మీద పెన్నుతో రాసిచ్చారు. పార్టులకి 11,200, పనికి 7,500. తీసేసిన పాత సామాన్లన్నీ, ఆ గోరంత రబ్బరు ముక్కతో సహా, కవరులో వేసి ఇచ్చారు, అది నాకు నచ్చింది.

డ్రమ్ములో నడిస్తే నడిచినట్టు కాదని, ఐదొందలు ఎక్కువ తీసుకుని ఆదివారం పొద్దున్నే మేస్త్రే రేవుకి వచ్చాడు. ఎక్కగానే కిల్ స్విచ్ (నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేసేది) చూశాడు. నడిపేవాడి చేతికి తగిలించుకోవాల్సిన ఎర్ర తాడు మా దగ్గర ఎప్పుడో పోయింది, దాని బదులు ఒక ప్లాస్టిక్ ట్యాగు బిగించేసి నడుపుతున్నాం. జేబులోంచి కట్టర్ తీసి అడక్కుండానే కోసి నీళ్లలో పడకుండా జేబులో వేసుకున్నాడు, కొత్త తాడు ఇచ్చాడు. లైఫ్ జాకెట్లు తొడుక్కుంటే గాని కదలనన్నాడు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడ్డప్పటి నుంచి ఆయనకి అదొక నియమమట, మేం మాట్లాడకుండా తొడుక్కున్నాం. నలుగురం, నాలుగు ఎరువు బస్తాలు వేసుకుని పూర్తి స్పీడులో భవానీ ద్వీపం చుట్టి వచ్చాం. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు బోటు మీటరు మీద 5,400 చూపించింది, ఈ ఇంజన్‌కి ఐదు నుంచి ఆరు వేల మధ్య రావాలి, తక్కువ వస్తే ఫ్యాను సైజు తప్పు లేదా ఇంజన్ నీరసంగా ఉన్నట్టు. ఎప్పుడూ ఆగే చోటికి రాగానే సరంగు అలవాటుగా తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ఆగలేదు. మేస్త్రి మాత్రం ముందుకి చూడకుండా వచ్చినంతసేపూ వెనక్కి తిరిగి ఆ నీటి ధారనే చూస్తూ కూర్చున్నాడు.

అది జరిగి మూడు నెలలైంది. వారానికి నాలుగు రోజులు తిరుగుతోంది, ఒకసారి మాత్రం ధార సన్నబడింది, చూస్తే జాలీకి గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకున్నాయి, ఇంజన్ ఆపి పైకెత్తి చేత్తో పీకేస్తే సరిపోయింది. అక్క కూడా మొన్న లంకకి వచ్చింది.

వెళ్లేవాళ్లు పొద్దున పది లోపు వెళ్లండి, మధ్యాహ్నం అయితే జనరేటర్ల వాళ్లే ఉంటారు. ఇంజన్‌తో పాటు ట్యాంకు, గొట్టం, బ్యాటరీ, కేబుళ్లు అన్నీ పట్టుకెళ్లండి, కేబుళ్లు తుడిచి శుభ్రం చేసి తీసుకెళ్లకండి, ఉన్నవి ఉన్నట్టే చూపించాలి. ట్యాంకులో రెండు లీటర్లు చాలు, నిండుగా తెస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, పక్కనే వెల్డింగు జరుగుతూ ఉంటుంది.